సైరన్ మోగని రోజు

"దాన్ని తుడవకక్కా. ఎట్లున్నది అట్లనే ఉండనియ్యి."

ప్రైవేటు డిటెక్టివ్ టిమోతి మాటకి సమ్మవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. చెక్క స్టాండు మీద బూడిదరంగు ఫోను, దాని కింద ఆమె తన చేత్తో అల్లిన లేసు గుడ్డ. ఆ ఇంట్లో అంత ముద్దుగా చూసుకున్న వస్తువు మరొకటి లేదు. ఆ ముద్దుల ఫోనే ఇప్పుడు ఆమె మొగుణ్ణి లాకప్‌లో కూర్చోబెట్టింది.

ఆమె మొగుడు పోశం గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుడు. కిందటి నెల ఫోను బిల్లు వచ్చింది. ఆ అంకె చూసి ఇంటిల్లిపాదికీ కళ్లు తిరిగాయి. పోశం ఆ కాగితం పట్టుకుపోయి, ఈ వాడ లైన్లు చూసే కాంట్రాక్టు లైన్‌మన్ ఎల్లేశం కాలర్ పట్టుకున్నాడు. "నా లైనుల ఏదో కిరికిరి చేసినవ్, నీ సంగతి చూస్త" అని పదిమందిలో అరిచాడు. ఆ తర్వాత గనుల సమ్మె జరిగిన రోజు సాయంత్రం నాలుగింటికి, మందమర్రిలో ఎల్లేశం ఇంటికి ఎవరో ఫోను చేసి బిల్లు సంగతి మాట్లాడుకుందాం రమ్మన్నారు. వెళ్లినవాడు మూతపడ్డ పాత గని పక్కన, నేల కుంగిన గుంతలో శవమై తేలాడు. ఆ ఫోను వెళ్లింది పోశం నంబరు నుంచే. రికార్డు స్పష్టంగా ఉంది.

ఆ వేళకు కల్లు దుకాణం వెనక ఒంటరిగా పడివున్నానంటాడు పోశం. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, ఇతను పాపం నిజంగా కల్లే తాగాడు. రేపు పొద్దున కోర్టుకు తీసుకెళ్తారు. హత్యకేసులో జైలుకు పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఈ క్వార్టరూ పోతుంది. సమ్మవ్వకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దుటి నుంచి గోడల వంకే చూస్తూ కూర్చుంది.

టిమోతి బిల్లు కాగితాలను నేల మీద పరిచి, కళ్లద్దాల మీది బొగ్గు దుమ్ము తుడుచుకుని వంగాడు.

"దుబాయ్‌ల మీవాళ్లు ఎవలన్న ఉన్నరా?"

"దుబాయ్ ఏడున్నదో గూడ నాకెర్కలేదు సారూ. మా తమ్ముడు బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీల చేస్తడు. మా సుట్టరికం అంతకు మించి దూరం పోలే."

"మరి దుబాయ్ కాల్సు ఇన్నున్నయి. నంబర్లు చూస్తె ఒక్కటి గూడ రెండోసారి రాలే. ఎవ్వలదో ఒక్కలది కాదిది, ఊరందరి మాటలు నీ మీటర్ల పడ్డయి. ఇరుగుపొరుగుకు ఫోనిస్తవా?"

"అచ్చే ఫోన్లకు పిలుస్త. పోయేటియి ఇయ్య. ఆయనకు ఇష్టం లేదు."

టిమోతి ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ పోయాడు. అతని పెన్సిలు ఉన్నట్టుండి ఆగింది.

"గమ్మతుగున్నది. ఆదివారం ఫోను చేస్తె చౌక. లోకమంత ఆదివారం కోసం చూస్తది. ఈ దుబాయ్ కాల్సు చేసినోడు మాత్రం ఒక్క ఆదివారం గూడ చెయ్యలే. అన్నీ పనిదినాలే, అన్నీ సాయంత్రం నాలుగు చుట్టుపక్కలే. ఎవడన్న తన పైసలతోని ఫోను చేసేటోడు గిట్ల చేస్తడా అక్కా?"

సమ్మవ్వకు ఆ లెక్క అర్థం కాలేదు గానీ, మొదటిసారి ఒక మనిషి తన మాట నమ్ముతున్నట్టు అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మేం చెయ్యలేదని ఎంత మొత్తుకున్నం సారూ. సదయ్యన్నతోని అర్జీ గూడ రాయించినం. గని పైకప్పు మీద పడి కాలు పోతే, మా ఇండ్ల లైను చివర ఎస్‌టీడీ డబ్బా పెట్టుకున్నడు చూడుండ్రి, ఆయన. మాకు సదువు రాదాయె. మా ఆయన ఏలుముద్ర పెట్టిండు."

"సరే. సమ్మె రోజు నాలుగింటికి నువ్వెక్కడున్నవ్?"

"ఇంట్లనే."

"అసలే బయటికి పోలేదా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కపారి పోయిన. చెప్తే నవ్వుతరు."

"నేను నవ్వక చానా రోజులైంది. చెప్పు."

ఆ క్వార్టర్లలో ఇది చివరి వరుస. దాని వెనకే ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి కొండంత గొయ్యి తవ్వుకుంటూ పోయే గని. పనిరోజుల్లో నాలుగింటికి అక్కడ మందుగుండు పేలుస్తారు. ముందుగా సైరన్ కూస్తుంది. కూయగానే ఈ వరుసలో ప్రతి ఆడమనిషీ పొయ్యి ఆర్పి, గిన్నెల మీద మూతలు పెట్టి, ఇల్లు విడిచి వీధి కుళాయి, అదే నల్ల దగ్గరికి వచ్చి నిలబడాలి. పేలుడు అయ్యాకే మళ్లీ లోపలికి. ఆదివారం పేలుళ్లు ఉండవు. ఏళ్ల తరబడి అలవాటు కాబట్టి వాళ్లకు అదొక వింత కాదు. గోడ పగిలినా, దీపం ఆరినా, పాలు విరిగినా అన్నీ పేలుడు ఖాతాలోకే వెళ్తాయి.

"రోజు సైరన్ కూసినంక నేను మూతలు వెట్టుకుంట ఉంటె, గీ ఫోను టింగు టింగుమంటది సారూ. మోగుడు కాదు, సన్నగ. భూమి అదురుతున్నది గదా, దాని గంట గూడ అదురుతున్నది అనుకుంట. సమ్మె పొద్దు గూడ గట్లనే టింగుమన్నది. సైరన్ కూసింది, నాకే ఇనవడలేదేమో అనుకొని, పొయ్యి ఆర్పి ఉరికిన. చూస్తె ఒక్కలు గూడ బయటికి రాలే. నల్లకాడ ఆడోళ్లంత పక్కున నవ్విండ్రు."

టిమోతి పెన్సిలు కింద పెట్టేశాడు.

"రోజూ టింగుమనుడు పేలుడు అయినంకనా, కాకముందా?"

"ముందే. పేలేటప్పటికి నేను ఇంట్ల ఉండను గదా."

"మరి పేలకముందు భూమి ఎట్లదురుతది అక్కా?"

సమ్మవ్వ ఫోను వైపు తిరిగి చూసింది. నిజమే. పేలకముందు భూమి ఎలా అదురుతుంది?

గుమ్మంలో నిలబడి వింటున్న పక్కింటి సారవ్వ అందుకుంది. "అవ్ సారూ, నవ్వింది నేనే. సమ్మె పొద్దు ఎవ్వని అయ్య బాంబులు పేలుస్తడే అన్న. ఆ సిగ్గుకు నా బిందె నిండేదాంక మా దగ్గర్నే నిలవడ్డది పాపం."

"అంతసేపు ఇంట్లకు ఎవలన్న పోయిండ్రా?"

"తలుపు బార్లా తెరిచే ఉన్నది, మా కండ్ల ముందట. పిల్లి గూడ పోలే."

ఒక ఫోను లైను మీద బయటెక్కడో ఇంకో ఫోను తగిలించి నంబరు తిప్పితే, ఇంట్లో ఉన్న ఫోను గంట సన్నగా చప్పుడు చేస్తుంది. ఎవడో సైరన్‌ను మాటుగా చేసుకుని, ఇల్లు ఖాళీ అయ్యే వేళ చూసుకుని, పోశం లైను మీద దర్జాగా మాట్లాడుకున్నాడు. సమ్మె రోజు కూడా అలవాటు కొద్దీ నాలుగింటికే ఫోను తిప్పాడు. ఆరోజు సైరన్ లేదన్న సంగతి వాడికి తట్టలేదు.

బయట బుల్లెట్ బండి ఆగిన శబ్దం. సారవ్వ పక్కకు తప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ నర్సింగం తలుపు మొత్తం నిండేలా లోపలికి వచ్చాడు. అతనూ టిమోతీ ఒకేసారి ఎస్సైలుగా చేరినవాళ్లు. ఒక తప్పుడు పంచనామా మీద సంతకం పెట్టనని టిమోతి ఉద్యోగం వదిలేశాడు. నర్సింగం పెట్టాడు, ఇన్‌స్పెక్టరయ్యాడు. ఆనాటి నుంచీ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే పంటి కింద రాయి పడ్డట్టే ఉంటుంది.

"ఏందయ్యా టిమోతి, పీనుగు మీద గద్ద లెక్క నాకన్న ముందే వాల్తవ్. జరుగు. ఆ ఫోను సీజ్ చెయ్యాలె."

"నర్సింగం, ఆ కాలు ఇంట్లకెల్లి పోలే. ఆ టైముకు ఈమె బయట నిలవడ్డది, నల్లకాడ వాడ వాడంత చూసింది."

"మొగని కోసం పెండ్లాం, పెండ్లాం కోసం పక్కింటామె. మంచి సాక్ష్యాలే." నర్సింగం జేబులోంచి కాగితం తీసి విదిలించాడు. "నీ బిల్లు లెక్కలన్ని దీంతోని ఖతం. టెలిఫోను ఆఫీసుల దొరికింది. చదువుకో."

టిమోతి చదివాడు. మొదట లోపల, తర్వాత పైకి. "బిల్లులో ఉన్న కాల్స్ అన్నీ మేము చేసినవే. ఒక్కసారి కట్టే స్తోమత లేదు. వాయిదాలు ఇప్పించ ప్రార్థన." కింద పోశం వేలిముద్ర.

సమ్మవ్వ గోడకు జారగిలబడి అలాగే కూర్చుండిపోయింది.

"గట్ల కాదు సారూ. మేం చెయ్యలేదని రాయమన్న. నేను పక్కన కూసోని చెప్పిన. మేం చెయ్యలేదు, మేం చెయ్యలేదు అని రెండుపార్లు చెప్పిన."

టిమోతికి ఆమె మొహం చూడబుద్ధి కాలేదు. ఫిర్యాదు అనుకుని ఆ మనిషి వేసింది ఒప్పుకోలు మీద వేలిముద్ర. అయినా ఆమె ముందు సదయ్య పేరు ఎత్తలేదు. ఏమీ తెలియకుండా ఉంటేనే ఆమె ఎప్పటిలా నడుచుకుంటుంది.

"నాలుగున్నర దాక టైమియ్యి నర్సింగం. ఈ ఇంట్లనే కూసో. నేను తప్పైతే ఫోను తీస్కపో, ఇంకెన్నడు నీ కేసుల వేలు పెట్ట."

నర్సింగం కుర్చీ లాక్కున్నాడు. చివరి మాట అతనికి బాగా నచ్చినట్టుంది. "నాలుగున్నర. తర్వాత ఫోను పోతది, నువ్వు గూడ పోతవ్."

క్వార్టర్ల వెనక స్తంభానికి టెలిఫోను వైర్ల పెట్టె ఉంది. తలుపు తాళం ఏనాడో ఊడిపోయింది. లోపల స్క్రూలన్నిటి మీదా బొగ్గు దుమ్ము పేరుకుని ఉంది. ఈ ఊళ్లో వారం రోజులు ముట్టుకోకపోతే మనిషి మీదైనా పేరుకుంటుంది. రెండే రెండు స్క్రూలు మాత్రం తళతళలాడుతున్నాయి, అవి పోశం లైనువి. వాటికి అదనంగా బిగించిన నల్ల వైరు పైకి పాకి, కేబుల్ టీవీ వైరుతో కలిపి కట్టేసి ఉంది. టిమోతి తలెత్తి దాని వెంటే నడిచాడు. ఒక్కో ఇంటి దగ్గరా టీవీ వైరు కిందికి దిగింది, నల్ల వైరు దిగలేదు. వరుస చివర సదయ్య ఎస్‌టీడీ డబ్బా రేకు సందులోంచి లోపలికి దూరింది. డబ్బాలో టీవీ లేదు. జనం దుబాయ్ మాట్లాడితే డబ్బులు సదయ్యకు, బిల్లు పోశానికి.

"రాండ్రి టిమోతి సార్, చాయ్ తాగుండ్రి." సదయ్య కుంటుకుంటూ లేచి స్టూలు తుడిచాడు. మెత్తటి మనిషి. మాట మధ్యలో పొడిదగ్గు అడ్డం పడుతుంది, గనిలో దుమ్ము మింగినవాళ్లకు ఉండే దగ్గే. "పాపం సమ్మక్క ఎట్లున్నది?"

"ఏడుస్తున్నది. నువ్వు రాసిన అర్జీ చూసిన సదయ్యా. గట్లెందుకు రాసినవ్?"

"మేం చెయ్యలేదంటే ఆఫీసోళ్లు కాయితం చింపి అవతల పడేస్తరు సార్. ఒప్పుకుంటె దయ చూస్తరు. మంచికే రాసిన." మళ్లీ దగ్గు.

జవాబు నున్నగా ఉంది. టిమోతి తల ఊపి చాయ్ గుక్కెడు తాగాడు.

"పోనీలే. రేపటితోని అన్ని తేల్తయి. ఎల్లేశం పెండ్లాం రమ ఉన్నది గదా, ఆరోజు ఫోను ఎత్తింది ఆమెనే. ఆ గొంతు మళ్లొకసారి వింటె పోల్చుకుంట అంటున్నది. పొద్దుగాల ఠాణాకు వస్తది."

రమ అలా అననే లేదు. ఎవరో మగమనిషి గొంతని మాత్రమే చెప్పింది. ఆ అబద్ధం ఆడేటప్పుడు టిమోతికి మందమర్రిలో ఒంటరిగా ఉన్న ఆమె ఒక్క క్షణం గుర్తొచ్చింది. ఆమెను ఒక మాట అడగనైనా లేదు. బెదిరించే ఫోను ఒకటి వస్తుంది, అంతే కదా, ఆ ఫోను మేం వింటాం కదా అని సర్దిచెప్పుకున్నాడు. తెలివిగలవాళ్ల తప్పులన్నీ ఇలా తీరిగ్గా ఆలోచించి చేసినవే.

సదయ్య గ్లాసు తీసుకుని కడగడం మొదలుపెట్టాడు. అప్పటికే కడిగిన గ్లాసు కూడా మళ్లీ కడిగాడు.

టిమోతి తిరిగి వచ్చేసరికి నర్సింగం గడియారం చూసుకుంటున్నాడు.

"ఎవడో ఫోను చేస్తడు, మనం వింటం. గదేనా నీ ఉపాయం? దొంగోడు ఇయ్యాల్నే, ఈ లైను మీదనే ఎందుకు చేస్తడు?"

"ఎర వేసొచ్చిన గనుక ఇయ్యాల్నే చేస్తడు. ఆమెను బెదిరించాలె. తన ఫోనుల చేస్తె తన బిల్లుల పడతది. ఈ లైనుల చేస్తె పోశం మనుషులే బెదిరించిండ్రని నువ్వే కేసు రాస్తవ్."

నర్సింగం టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

సైరన్ కూసింది.

సమ్మవ్వ పొయ్యి ఆర్పింది, గిన్నెల మీద మూతలు పెట్టింది, టిమోతి చెప్పినట్టే ఎప్పటిలా బయటికి వెళ్లింది. వరుసంతా తలుపుల చప్పుళ్లు, చెప్పుల చప్పుళ్లు, ఆపైన నిశ్శబ్దం. గోడ పగుళ్ల కేసి చూసి నర్సింగం గోడకు ఎడంగా జరిగాడు. ఈ వేళ ఈ ఇళ్లల్లో మనిషన్నవాడు ఉండకూడదు.

టింగ్. టింగ్ టింగ్.

ఇద్దరూ కదలలేదు. గంట ఎవరో గోటితో గీరినట్టు సన్నగా మోగుతూ, ఆగుతూ, మళ్లీ మోగింది. అది ఆగేదాకా చూసి టిమోతి రిసీవర్ కింది బొత్తాన్ని వేలితో నొక్కిపట్టి, రిసీవర్ ఎత్తి, బొత్తాన్ని వెంట్రుకవాసి చొప్పున వదిలాడు. మాట్లాడే వైపు అరచేత్తో మూశాడు. పాత పగవాళ్లిద్దరూ ఒకే రిసీవరుకి చెరో చెవీ ఆనించి వంగారు.

గుడ్డ అడ్డం పెట్టుకున్న గొంతు. "పోశం మనుషులం మాట్లాడుతున్నం. రేపు ఠాణాకు పోయి గొంతు గింతు అన్నవనుకో, నీ మొగడు పడ్డ గుంతల ఇంకా జాగ ఉన్నది." చివర్లో పొడిదగ్గు.

"ఏం గొంతు? నేనెవ్వలకు ఏం చెప్పలే," అంది అవతల రమ. భయంతో ఆమె మాట వణికింది. తర్వాత ఆగింది. మళ్లీ మాట్లాడినప్పుడు వణుకు లేదు.

"ఆగు. నువ్వు సదయ్యవు. పోయిన దసరాకు మా ఇంట్ల కూసోని తిన్నవ్. బుక్క బుక్కకు గిట్లనే దగ్గినవ్. నా మొగనితోని వైరు గుంజిపిచ్చుకున్నది నువ్వే, పైసల కాడ కొట్లాడింది నువ్వే. నా మొగన్ని సంపినవా సదయ్యా?"

నర్సింగం రిసీవరుకి చెవి ఇంకా గట్టిగా ఆనించాడు. టిమోతి మనసులో మాత్రం ఒకటే మొత్తుకోలు. పేరు ఎత్తకమ్మా, ఆ పేరు ఎత్తకు.

అప్పుడు పేలింది. నేల ఒక్కసారి ఎగిరి పడింది. పైకప్పు నుంచి సున్నం రాలింది, గూటిలోని స్టీలు పళ్లాలు వరసగా దొర్లి గచ్చు మీద పడ్డాయి. టిమోతి అరచెయ్యి జారింది. ఆ గలగల అంతా తీగలోకి వెళ్లిపోయింది.

అటుపక్క ఊపిరి ఆగింది. ఖాళీగా ఉండాల్సిన ఇంట్లో మనుషులున్నారని వాడికి తెలిసిపోయింది.

"మంచిది రమా," అంది గొంతు, ఈసారి గుడ్డ లేకుండా, మెత్తగా. "ఫోన్ల ఎందుకు, వచ్చి మొఖం చూసుకుంటనే మాట్లాడుత."

నర్సింగం తుపాకీ మీద చెయ్యి వేసి పరుగెత్తాడు. టిమోతి అతని వెనకే. దుమ్ములోంచి జనం ఇంకా ఇళ్లకు తిరిగి వస్తున్నారు. వరుస చివర డబ్బా షట్టర్ దించి ఉంది. పక్కన ఎప్పుడూ నిలబెట్టి ఉండే స్కూటరు లేదు. గోదావరి వంతెన దాటి, మంచిర్యాల దాటితే మందమర్రి.

"నేను బండి తీస్త. నువ్వు మందమర్రి ఠాణాకు ఫోను కొట్టు," అన్నాడు నర్సింగం. అన్నేళ్ల తర్వాత అతని మాటలో వెటకారం లేదు. "నా పేరు చెప్పి, ఆమె ఇంటికి మనిషిని పంపమను. మనకన్న వాళ్లే ముందు చేరుతరు."

టిమోతి ఇంట్లోకి ఉరికి రిసీవర్ ఎత్తాడు. ఏ చప్పుడూ లేదు. బొత్తాం నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు. ఊరందరి మాటలూ మోసి, ఆడని మాటలకు బిల్లు తెచ్చిన ఆ ఫోను, ఒక ప్రాణం కోసం ఒక్క మాట కావలసి వచ్చేసరికి చచ్చి ఊరుకుంది. వాడు పోతూ పోతూ స్తంభం పెట్టెలో ఈ ఇంటి వైరు తెంపేశాడు.

"దగ్గర్ల ఇంకో ఫోను ఏడున్నదక్కా? జల్ది చెప్పు."

సమ్మవ్వ రాలిపడ్డ పళ్లాలు ఏరుకుంటూ తలెత్తింది. ఆమెకింకా ఎవరూ ఏమీ చెప్పలేదు.

"లైను చివర సదయ్యన్న డబ్బా ఉన్నది గదా సారూ. నా పేరు చెప్పుండ్రి, పైసలు గూడ తీసుకోడు."